కోత లేని ఇంట కోత పండుగ

(సంఘ కోత పండుగ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నేను బోధకుడను కాను. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో పుట్టి, పదునెనిమిది ఏండ్లు వచ్చేవరకు పొలము పని చేసి, ఆ తరువాత పటాన్‌చెరులో షిఫ్టు డ్యూటీ చేసి రిటైరయినవాడను. కనుక ఈ పూట నేను చెప్పేది వాక్యోపదేశము కాదు. నాగలి పట్టిన చేతితోనే పంచింగు కార్డు కూడా పట్టుకున్న మనిషి తన సంఘముతో చెప్పుకొనే నాలుగు మాటలు అనుకోండి.

గత కోత పండుగ రోజున మన సండే స్కూలు పిల్లవాడు ఒకడు నన్ను అడిగాడు: “తాతా, మనకు పొలము లేదు గదా! పొలము లేనప్పుడు కోత ఎక్కడిది? కోత లేనప్పుడు కోత పండుగ ఎందుకు?” అప్పుడు నేను నవ్వి వాని చేతిలో అరటిపండు పెట్టి పంపించాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లవాడు అడిగినది సరైన ప్రశ్న. సంవత్సరమంతా ఆ ప్రశ్న నా వెంటనే తిరిగింది. దానికి నాకు తోచిన జవాబు ఈ దినము మీ ముందు పెడుతున్నాను.

మొదట పాత సంగతి చెప్పాలి. ఇక్కడ కూర్చున్న యవ్వనస్థులలో చాలామంది కల్లము చూడలేదు. కోత కాగానే పొలములో ఒక జాగా చదును చేసి, నీళ్లు చల్లి, పేడతో అలికి కల్లము చేసేవారు. జొన్న కంకులు పోసి ఎడ్లను తిప్పేవారు. గాలి చూసుకొని తూర్పార పట్టేవారు. రాశి పోసిన తరువాత ఎవరూ చెప్పులతో ఆ దరికి పోయేవారు కారు. కొలిచేటప్పుడు మొదటి కుంచమును ‘ఒకటి’ అనేవారు కారు. ‘లాభం’ అనేవారు. లాభం, రెండు, మూడు అని సాగేది లెక్క. పంటను లెక్కతో కాక కృతజ్ఞతతో మొదలుపెట్టాలని మన పెద్దల ఉద్దేశము. ఆ తరువాత కుమ్మరికి, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి ఎవరి మేర వారికి కొలిచేవారు. అవన్నీ అయిన తరువాతే ధాన్యము ఇల్లు చేరేది.

ఈ ప్రాంతములో ప్రతి పనికి ఒక పండుగ ఉండేది. ఏరువాక పున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలి కట్టేవారు. తొలి ఏకాదశికి జొన్నలు పేలాలు వేయించి, బెల్లము కలిపి పేలపిండి చేసేవారు. జహీరాబాదు, నారాయణఖేడు వైపు, బీదరు సరిహద్దున, డిసెంబరు జనవరి నెలల అమావాస్యనాడు ఎల్లమాస చేస్తారు. ఇంటిల్లిపాది రొట్టెలు, భజ్జి కట్టుకొని చేనికి పోతారు. ముందు చేనికి పెట్టి, తరువాత తాము తింటారు. దారిన పోయేవారిని కూడా పిలిచి పెడతారు. ఇక మా ఊరికి దుర్గాభవాని గుడి వలన నలుదిక్కులా పేరున్నది. పండుగలకు వచ్చే పోయే జనమును చూస్తూనే మేము పెరిగాము. మన పితరులు యేసు ప్రభువును నమ్మినప్పుడు ఈ ఆచారములలో కొన్నింటిని విడిచిపెట్టారు. పొలి చల్లుట విడిచారు, బలులు విడిచారు. అయినా మొదటి గింజ మనది కాదు అన్న భావమును మాత్రము వారు విడువలేదు. అది వారితోకూడ గుడిలోనికి వచ్చింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ మెదకు సీమలో క్రీస్తును నమ్మిన మన పితరులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబములవారు. భూమి ఉన్నవారు తక్కువ. కూలివారు, జీతగాండ్రు ఎక్కువ. కల్లములో అందరికంటె ముందు పని మొదలుపెట్టేది వారే, అందరికంటె చివర కొలత అందుకొనేదీ వారే. ఒక్కొక్కచోట రాశి ఎత్తిన తరువాత అడుగున మట్టితో కలిసిన గింజలే వారి వంతు. అట్టివారు కోత పండుగనాడు తల మీద గంప పెట్టుకొని, శుభ్రమైన బట్టలు కట్టుకొని, పాట పాడుతూ గుడికి వచ్చారు. కల్లములో చేయి చాచినవాడు గుడిలో ఇచ్చేవాడయ్యాడు. గంపలో రెండు సోలల జొన్నలే ఉండవచ్చు. కాని ‘నేనును ఇవ్వగలవాడను’ అని మనవారు పదిమందిలో నిలువబడి చెప్పిన దినము అది. మనకు కోత పండుగ ఎందుకు అని అడిగే బిడ్డకు నా మొదటి జవాబు ఇదే. అది భూస్వాముల పండుగగా మన దగ్గరకు రాలేదు. భూమి లేనివారికి మర్యాద ఇచ్చిన పండుగగా వచ్చింది.

గుడిలో ఈ ఆరాధన ఇప్పుడున్న రూపములో మొదలైనది ఇంగ్లండులో. కార్న్‌వాల్ ప్రాంతములోని మార్వెన్‌స్టో అను చిన్న పల్లెలో 1843లో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అను గురువుగారు తన సంఘస్థులను పిలిచి, కొత్త పంటతో కృతజ్ఞతారాధన జరిపించారు. అక్కడినుండి ఇతర సంఘములకు, మిషనరీలతో మన దేశమునకు వచ్చింది. వేరే దేశము మనుష్యుడు మొదలుపెట్టినా మన పెద్దలకు అది కొత్తగా తోచలేదు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములోని గంప సంగతి చదివి వినిపించగానే, ఇది మన కల్లము సంగతే గదా అని వారికి తెలిసిపోయింది. మెదకు మహాదేవాలయము 1914 నుండి 1924 వరకు కట్టబడిన కాలములో కరువుతో అల్లాడిన పల్లెల ప్రజలకు పని, అన్నము దొరికిన సంగతి మీ అందరికీ తెలిసినదే. పాస్నెట్ దొరగారి ఆ కాలమును గురించి మన ముసలివారు చెప్పేటప్పుడు గోపురము ఎత్తు కంటె ముందు గంజి మాట చెప్పేవారు. ఆకలి ఎరిగిన సంఘము మనది. గింజ విలువ అట్టివారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక మారిన కాలము మాట. మా ఊరికి దిగువన పటాన్‌చెరులో 1970 దశాబ్దమునుండి ఫ్యాక్టరీలు వరుసగా వచ్చాయి. అంతకుముందే రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1972లో పటాన్‌చెరులోనే ఇక్రిశాట్ వచ్చింది. ఫ్యాక్టరీ వలన మనకు మేలు జరుగలేదని నేను అనను. నా బిడ్డలు చదువుకున్నది ఆ జీతముతోనే. జీతగానిగా ఒకని గడపలో నిలబడే పని తప్పినది కూడా దాని వలననే. కాని వెల కూడా చెల్లించాము. నక్కవాగు నీళ్లు రంగు మారి, వాటితో పారిన పొలములు చెడిపోయాయి. బావులు చెడిపోయాయి. ఆ నీళ్లు చివరకు మంజీరలోనే కలుస్తాయి. ఆ రైతుల కష్టము 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. నష్టపరిహారము ఇవ్వమని ఉత్తర్వులు వచ్చాయి. డబ్బు వచ్చినచోట కూడా బావి తిరిగి రాలేదు. ఆ తరువాత భూముల ధరలు పెరిగాయి. చేలు ప్లాట్లయ్యాయి. హద్దు రాళ్లు పాతిన చేనిలో ఏరువాక ఎక్కడ సాగుతుంది?

భూమి మిగిలినవారి సంగతి కూడా చూడండి. జొన్న పోయి పత్తి వచ్చింది. పత్తి ఏరేవారి ఒడిలో నోట వేసుకొనే గింజ ఒక్కటి ఉండదు. వరి చేనికి కోత యంత్రము వస్తుంది. ఒక్క పూటలో కోసి, నూర్చి, ట్రాక్టరులో పోస్తుంది. కల్లము అంటే ఇప్పుడు తారు రోడ్డే. అక్కడ ఆరబోసి, కొనుగోలు కేంద్రమునకు తీసుకొనిపోతే తేమ 17 శాతము లోపల ఉన్నదా లేదా చూసి తూకము వేస్తారు. డబ్బు బ్యాంకులో పడుతుంది. ఆ ధాన్యములో పిడికెడు కూడా ఇంటిలోనికి రాదు. రైతు కూడా బియ్యము కొనుక్కొనే తింటున్నాడు. కనుక కోత లేనిది మనకు మాత్రమే కాదు. కోత ఉన్న ఇంటిలో కూడా కోత పండుగ తగ్గిపోయింది.

దీనివలన మన గుడిలో ఏమి జరిగిందో మీరు చూస్తూనే ఉన్నారు. ముందు గంపలు వచ్చేవి. తరువాత దుకాణములో కొన్న బియ్యము సంచులు వచ్చాయి. ఇప్పుడు కవర్లు వస్తున్నాయి. కవరు ఇచ్చుట తప్పని నేను అనను. మొదటి నెల జీతము దేవునికి ప్రథమ ఫలముగా ఇచ్చే అలవాటు మన కుటుంబములలో ఉన్నది. అది మంచి అలవాటు. కాని కవరులో ఏమున్నదో అది ఏ చెమటతో వచ్చిందో ఎవరికీ తెలియదు. బిడ్డలు చూసి నేర్చుకొనేది ఏమీ ఉండదు.

మా అమ్మ సంగతి చెప్పుతాను. మా నాయిన పోయిన తరువాత, చెల్లెండ్ర పెండ్లిండ్ల అప్పు తీర్చడానికి మాకున్న రెండెకరములు అమ్మివేశాము. అమ్మింది నేనే. సంతకము నాది, వేలిముద్ర అమ్మది. ఆ యేడు కోత పండుగకు నేను సంగారెడ్డిలో మంచి సన్న బియ్యము కొనుక్కొని వచ్చి, “అమ్మా, గంపలో పోసుకొని పోదాము రా” అన్నాను. ఆమె ఆ సంచి వైపు చూసి, “కొన్న బియ్యం దెచ్చి కోత పండుగ అంటావా బిడ్డా? దేవుని ముంగట ఏ చేను పేరు చెప్పాలె?” అన్నది. ఆ యేడు ఆమె గుడికి వచ్చింది గాని గంప ఎత్తలేదు. వెనుక బల్ల మీద కూర్చొని వెళ్లిపోయింది. నాకు చాలా కష్టమనిపించింది. కోపము కూడా వచ్చింది. అప్పు తీర్చినందుకు ఒక్క మంచి మాట లేదు గదా అనుకున్నాను.

తరువాత వానకాలములో ఆమె ఇంటి వెనుక స్నానాల గది నీళ్లు పోయే కాలువ పక్కన నాలుగు చిక్కుడు గింజలు, రెండు గుమ్మడి గింజలు పెట్టింది. గోడ వెంబడి ఒక సాలు పచ్చజొన్నలు చల్లింది. విత్తనము ఎక్కడిది అని అడిగితే అటక మీది కుండ చూపించింది. బూడిద, వేపాకు కలిపి, మూతికి గుడ్డ కట్టి పెట్టింది. చేను అమ్మినప్పుడు కాగితముల మీద సంతకము పెట్టినవాడను నేను ఆ కుండను మరచిపోయాను. ఆమె మరువలేదు. మరు యేడు గంపలో ఒక గుమ్మడికాయ, చిక్కుడుకాయలు, పదిహేను జొన్న కంకులు పెట్టుకొని అందరికంటె ముందు నడిచింది. వేలములో ఆ కంకులను ఎవరూ పెద్దగా పాడలేదు. ఆమెకు ఆ చింత లేదు. “నా చేను పేరు చెప్పిన” అన్నది, అంతే.

ప్రియులారా, నేను కోత పండుగను అర్థము చేసికొన్నది ఆ రోజుననే. ఆరాధన ఎకరములను అడుగదు. ఇది ఎక్కడినుండి వచ్చింది అని మాత్రమే అడుగుతుంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. మన జిల్లాలోనే జహీరాబాదు ప్రాంతము చూడండి. 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడ పని మొదలుపెట్టింది. దాని సంఘములలో ఉన్నవారు ఎక్కువగా పేద దళిత స్త్రీలు. బీడు పడిన చెలకలను బాగు చేసుకొని, జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుములు కలిపి పండించుకొన్నారు. విత్తనము తామే దాచుకొన్నారు. సంక్రాంతితో మొదలుపెట్టి సుమారు నెల దినములు పాత పంటల జాతర జరుపుతారు. ఎడ్ల బండ్లను అలంకరించి, కుండలలో, గంపలలో విత్తనములు పెట్టుకొని, పాటలతో ఊరూరికీ పోతారు. రెండు దశాబ్దములకు పైగా ఇది సాగుతూ ఉన్నది. 2008లో మాచనూరులో ఆ స్త్రీలే సొంత రేడియో కూడా పెట్టుకొన్నారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమానము వచ్చింది. ఆ సొసైటీని నడిపించిన పి.వి. సతీశ్‌గారు 2023 మార్చిలో మరణించారు. అదే సంవత్సరమును మన దేశపు ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపింది. ఒకప్పుడు పేదల తిండి అని జొన్న రొట్టెను చిన్నచూపు చూచినవారే, ఇప్పుడు షుగరు వచ్చిన తరువాత సాయంత్రము రోడ్డు పక్కన నిలబడి కొనుక్కొంటున్నారు.

ఇందులో మనము గమనించవలసిన విషయము ఒకటి ఉన్నది. ఇక్రిశాట్‌వారు పటాన్‌చెరులో లక్షకు పైగా విత్తన రకములను చల్లని గదులలో భద్రపరచి ఉంచారు. అది గొప్ప పని, లోకమంతటికీ ఉపకారము. కాని చల్లని గదిలో గింజ మాత్రమే ఉంటుంది. దానిని ఎప్పుడు చల్లాలి, ఏ పంటతో కలపాలి, ఎట్లు వండాలి, మొదటి పిడికెడు ఎవరికి ఇవ్వాలి అన్నది అక్కడ ఉండదు. అది మనుష్యులలో ఉంటుంది. పండుగ ఆగిపోతే అది ఒక్క తరములో పోతుంది. గోదావరి అడవులలోని కోయవారు కొత్తల పండుగ చేయనిదే కొత్త గింజ నోట పెట్టరు. వారి బిడ్డలకు పంటల కాలము పుస్తకము లేకుండానే తెలుస్తుంది.

ఫ్యాక్టరీలో కూడా నేను ఇది చూచాను. దసరాకు నా తోటి కార్మికులు ఆయుధ పూజ అని లేతు మిషన్లకు, ఫోర్క్‌లిఫ్టులకు పూలదండలు వేసేవారు. వారిలో సగము మంది రైతు బిడ్డలే. నాగలికి చేసినది మిషనుకు చేస్తున్నారు. మన విశ్వాసము వేరు గనుక నేను దూరముగా నిలబడేవాడను. కాని మనిషి తన అన్నము పుట్టే చోటికి ఎట్లయినా కృతజ్ఞత చెప్పుకొంటాడని అక్కడ తెలిసింది.

లేఖనములో కూడా దీనికి ఆధారమున్నది. బబులోను చెరనుండి తిరిగి వచ్చిన ప్రజలు పంట కూర్చుకొన్న తరువాత చేయవలసిన పర్ణశాలల పండుగను తిరిగి మొదలుపెట్టిన సంగతి నెహెమ్యా 8వ అధ్యాయములో ఉన్నది. యెరూషలేములో ఉన్నవారు ఏమి చేశారు? కొండకు పోయి కొమ్మలు తెచ్చుకొని, తమ మిద్దెల మీద, ముంగిళ్లలో పందిళ్లు వేసుకొన్నారు. చేనిలోనే ఉంటే చేస్తాము, పట్టణములో కుదరదు అని వారు అనలేదు. మిద్దె మీద పండుగ చేయవచ్చునని వారు మనకు చూపించారు. కనుక ప్లాట్లలో, క్వార్టర్లలో ఉన్న మనకు సాకు లేదు.

అయితే ఏమి చేయాలి? మూడు సంగతులు మనవి చేస్తాను: గంప, పరిగె, విత్తనము.

మొదటిది గంప. ద్వితీయోపదేశకాండములో గంప తెచ్చినవాడు దానిని ఊరక దించి పోడు. తన పితరుల కష్టమును, దేవుడు తమను విడిపించిన విధమును నోటితో చెప్పాలి. మనము గంప తెస్తున్నాము గాని ఆ మాట చెప్పుట లేదు. వచ్చే పండుగకు అర్పణ తెచ్చిన ప్రతి కుటుంబము ఒక్క వాక్యము చెప్పాలని కోరుతున్నాను. ‘ఇది మా మేడ మీద కాసిన టమాట.’ ‘ఇది నా నైట్ షిఫ్టు ఓవర్‌టైము.’ ‘ఇది మా తాత భూమిలో చివరి పంట.’ కవరు తెచ్చినా సరే, అది ఏ పని ఫలమో చెప్పండి. బిడ్డలు వింటారు.

రెండవది పరిగె. చేని ఓరలు పూర్తిగా కోయవద్దని, రాలిన వెన్నులు ఏరుకొనక బీదలకు, పరదేశులకు విడువుమని లేవీయకాండము 23వ అధ్యాయము ఆజ్ఞాపిస్తున్నది. అక్కడ ఈ మాట పండుగల వరుస నడుమనే ఉన్నది. అంటే పరిగె లేని కోత పండుగ పండుగ కాదు. మోయాబు దేశమునుండి వచ్చిన రూతు పరిగె ఏరుకొనే గదా దావీదు వంశములో చేరినది! కోత యంత్రము పరిగె మిగల్చదు. మన వేలము కూడా అంతే అయిపోయింది. ఒక్క కోడిపుంజును నలుగురు పోటీపడి వేలకు పాడుతారు, చప్పట్లు పడతాయి, పేద విధవరాలి పెసల పళ్లెము ఎవరికీ కనబడదు. వేలము వద్దనను. అందులో సంతోషమున్నది, సంఘమునకు ఆదాయమున్నది. కాని వేలమునకు ముందే వచ్చిన దానిలో ఒక వంతు పరిగెగా తీసి పెట్టండి. మన చుట్టు ఫ్యాక్టరీలలో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌నుండి వచ్చినవారు ఒక్కొక్క గదిలో పదిమంది చొప్పున ఉంటున్నారు. 2025 జూన్ 30న పాశమైలారములో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో ఎందరో ఆ దూర రాష్ట్రముల పల్లెలవారే. వారి ఊర్లలో కూడా చేలు ఉన్నవి, కోత ఉన్నది, ఎదురు చూసే తల్లులు ఉన్నారు. మన కాలపు రూతు మన గేటు బయట బస్సుకోసము నిలబడి ఉన్నది. ఆమెకు మన పండుగలో ఒక ఓర విడువకపోతే మన పాటలు ఎంత బాగున్నా ఏమి లాభము?

మూడవది విత్తనము. ఈ సంవత్సరము ప్రతి కుటుంబము ఒక పాత విత్తనమును పట్టుకోవాలి. చిక్కుడు గాని, అనుములు గాని, బొబ్బర్లు గాని, పచ్చజొన్న గాని, ఏదైనా సరే. చేను లేకపోతే కుండలో పెట్టండి. పెయింటు డబ్బాలో పెట్టండి. సండే స్కూలు బిడ్డలు ఒక్కొక్కరు ఒక గింజ నాటి, మొలక వచ్చిన దినము వ్రాసుకొనాలి. కాసిన దానిలో మొదటి కాయ గుడికి, చివరి కాయ విత్తనమునకు. పక్క ఇంటివారు హిందువులైనా ముస్లిములైనా అడిగితే విత్తనము ఇవ్వండి. వారి దగ్గర లేని విత్తనము మీ దగ్గర, మీ దగ్గర లేనిది వారి దగ్గర ఉండవచ్చు. విత్తనము కులము, మతము అడిగి మొలవదు.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆమె పోయిన తరువాత అటక దులుపుతూ ఉంటే ఆ కుండ దొరికింది. అడుగున రెండు పిడికెళ్ల పచ్చజొన్నలు ఉన్నాయి. పాత గింజలు, మొలుస్తాయో లేదో అనుకుంటూనే కాలువ పక్కన చల్లాను. అన్నీ మొలవలేదు. సగముకంటె తక్కువే మొలిచాయి. పిట్టలు తినగా మిగిలినవి ఈ దినము ఆ గంపలో ఉన్నవి. బలిపీఠము దగ్గర ఎడమ వైపున, గుమ్మడికాయ పక్కన.

నన్ను ప్రశ్న అడిగిన పిల్లవాడు ఇక్కడే కూర్చున్నాడు. నాయనా, నీకు నేను అరటిపండు ఇచ్చి పంపితిని. అది జవాబు కాదు. ఆరాధన అయిన తరువాత నా దగ్గరకు రా. ఆ కంకులను ఈ యేడు వేలము వేయవద్దని పెద్దలను అడిగి ఒప్పించాను. ఒక కంకి నీది. ఇంటికి పోయి ఎండబెట్టి, బూడిదలో కలిపి పెట్టుకో. వానలు పడగానే చల్లు. వచ్చే కోత పండుగకు నీ గంప నీవే ఎత్తుకొని రా. అప్పుడు నీ చేను పేరు అడుగుతాను, చెప్పాలి.

విత్తువానికి విత్తనమును, తినువానికి ఆహారమును దయచేయు దేవునికి మహిమ కలుగును గాక.